హక్కుకు జోడు బాధ్యత – విశాఖ చెప్పే పాఠాలు

మానవుడు సంఘజీవి అని హైస్కూలు రోజుల నుంచి పరీక్షల్లో రాస్తూనే ఉన్నాం. అయితే ఆ సంఘం బాగుపడటానికి సంఘజీవి అయిన మానవుడు స్వయంగా చేయవలసిందేమిటి అన్న ప్రశ్నకు జవాబు రాసే అవసరం మనకు అంతగా కలగలేదు. రోడ్డు బాగాలేకపోతే కార్పొరేషన్, నీళ్ళు రాకపోతే ప్రభుత్వం, పొగ వస్తే ఫ్యాక్టరీ, పరీక్ష పోతే మాస్టారు – ఇలా ప్రతి లోపానికీ ఒక చిరునామా మన దగ్గర సిద్ధంగా ఉంటుంది. ఆ చిరునామాల్లో మన ఇంటి నెంబరు మాత్రం కనిపించదు.

ఈ ధోరణి అన్ని ఊళ్ళలోనూ ఉన్నదే. కాని విశాఖపట్నం వంటి నగరంలో దీనికి మరికొంత బలం చేకూరుతుంది. ఇక్కడ ఓడరేవు ఉంది, నౌకా నిర్మాణ కేంద్రం ఉంది, చమురు శుద్ధి కర్మాగారం ఉంది, ఉక్కు కర్మాగారం ఉంది. ఇంత పెద్ద పెద్ద సంస్థల నీడలో బతికే సామాన్యుడికి ‘నా ఒక్కడి వల్ల ఏమవుతుంది?’ అనిపించడం సహజమే. ఆ ప్రశ్నకు విశాఖ చరిత్ర నుంచే సమాధానం వెతకడం ఈ వ్యాసం ఉద్దేశం.

హక్కు, బాధ్యత – రెండు మాటల అర్థం

‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అన్న నినాదం తెలియని తెలుగువాడు ఉండడు. హక్కు అంటే ఇతరుల నుంచి, ప్రభుత్వం నుంచి మనం న్యాయంగా అడగగలిగినది. బాధ్యత అంటే ఇతరులు మన నుంచి న్యాయంగా అడగగలిగినది. ఈ రెండూ ఒకే నాణేనికి బొమ్మా బొరుసూ వంటివి. నాకు మంచి గాలి పీల్చే హక్కు ఉందంటే, దానిని చెడగొట్టకుండా ఉండవలసిన బాధ్యత ఎవరో ఒకరి మీద ఉన్నదన్న మాట. ఆ ‘ఎవరో ఒకరు’ చాలాసార్లు మనమే అవుతాం.

మన రాజ్యాంగం ఈ విషయంలో ఒక ఆసక్తికరమైన సంగతి చెబుతుంది. 1950లో అమలులోకి వచ్చినప్పుడు అందులో ప్రాథమిక హక్కులు ఉన్నాయి గాని ప్రాథమిక విధులు లేవు. 1976లో 42వ సవరణ ద్వారా 51ఎ అధికరణం చేర్చి పది విధులను పేర్కొన్నారు. 2002లో 86వ సవరణతో పదకొండోది చేరింది. ప్రజల ఆస్తిని కాపాడటం, అడవులను, చెరువులను, నదులను, వన్యప్రాణులను సంరక్షించడం, స్త్రీల గౌరవానికి భంగం కలిగించే ఆచారాలను విడనాడటం ఈ విధుల్లోనివే. హక్కుకు భంగం కలిగితే న్యాయస్థానానికి వెళ్ళవచ్చు. విధిని నిర్వర్తించలేదని మాత్రం ఆ అధికరణం ఒక్కదాని ఆధారంగా ఎవరినీ శిక్షించరు. అంటే రాజ్యాంగం హక్కులను కోర్టుకు అప్పగించి, విధులను పౌరుడి మనస్సాక్షికి వదిలిపెట్టింది. కర్తవ్యం నెరవేర్చడం నుంచే హక్కు పుడుతుందని గాంధీజీ పదే పదే చెప్పడంలోని ఆంతర్యం కూడా ఇదే.

ఇక నీతి అంటే ఏమిటి? పెద్ద పెద్ద నిర్వచనాల జోలికి పోకుండా ఒక చిన్న కొలత పెట్టుకుందాం. నేను చేసే పని నలుగురికీ తెలిసినా నాకు సిగ్గు కలగకూడదు. అదే పని అందరూ చేసినా ఊరు చెడిపోకూడదు. ఈ రెండు పరీక్షలకూ నిలిచిన పని నీతి గల పని. ఈ కొలత చేతబట్టుకుని మన నగరం కథలోకి వెళ్దాం.

మొదటి పాఠం: విశ్వవిద్యాలయం పునాదిలో

మనం కూర్చుని చదువుకుంటున్న ఈ ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడింది. మొదట బెజవాడలో ఉన్న కేంద్ర కార్యాలయం 1930లో వాల్తేరుకు వచ్చింది. తొలి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి గారు. ఒక కొత్త విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టే అవకాశం ఏ విద్యావేత్తకైనా జీవితంలో ఒక్కసారే దొరుకుతుంది. అటువంటి పదవిని ఆయన 1930లో, స్వాతంత్య్రోద్యమాన్ని అణచివేస్తున్న బ్రిటిషు ప్రభుత్వ విధానానికి నిరసనగా వదులుకున్నారు. ఆయన తర్వాత 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ పదవిలోకి వచ్చి సంస్థకు దేశవ్యాప్తంగా పేరు తెచ్చారు. 1936లో రెడ్డి గారే మళ్ళీ ఉపాధ్యక్షులై 1949 వరకు సేవ చేశారు.

ఇక్కడ మనం గమనించవలసింది రాజీనామా ఒక్కటే కాదు. పదవి పోయినా సంస్థ మీద మమకారం పోలేదు. తిరిగి పిలుపు వచ్చినప్పుడు వచ్చి పని చేశారు. కుర్చీ కంటె మాట ముఖ్యం, కుర్చీ కంటె పని కూడా ముఖ్యం అన్న రెండు సంగతులూ ఆ ఒక్క జీవితంలో కనిపిస్తాయి.

మరొకరు జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారు. విజ్ఞాన శాస్త్రాల బోధనకు సాయంగా ఏటా లక్ష రూపాయలు విశ్వవిద్యాలయానికి ఇచ్చే ఏర్పాటు చేశారు. ఆనాటి లక్ష అంటే ఎంతో ఇప్పటి లెక్కలో ఊహించుకోవచ్చు. ఆయన పేరు మీదనే సైన్సు, టెక్నాలజీ కళాశాల వెలసింది. ఆ లేబరేటరీల్లో చదువుకున్న వేలాది మందిలో ఆయన బంధువులు గాని, ఆయన సంస్థానం వాళ్ళు గాని ఎంతమంది ఉంటారు? తన కళ్ళతో చూడబోని వారి కోసం ఇవ్వడమే సంఘం పట్ల బాధ్యత. మనం కడుతున్న ఫీజుకూ మనం పొందుతున్న చదువుకూ మధ్య ఉన్న తేడాను ఎవరో కట్టారు. రాజులు కొంత, పన్నులు కట్టిన రైతులు, కూలీలు కొంత. ఆ బాకీ బ్యాంకులో తీర్చేది కాదు.

రెండో పాఠం: ఉక్కు కోసం ఎవరు ఏమిచ్చారు

ఐదవ ఉక్కు కర్మాగారానికి విశాఖపట్నం అనువైన చోటు అని 1965లో బ్రిటిషు–అమెరికను నిపుణుల బృందం సిఫారసు చేసింది. అయినా కేంద్రం తాత్సారం చేయడంతో 1966లో ఉద్యమం రాజుకుంది. అక్టోబరులో టి. అమృతరావు గారు ఇక్కడ నిరాహార దీక్షకు కూర్చున్నారు. తెన్నేటి విశ్వనాథం గారి వంటి పెద్దలు ముందు నడిచారు. విద్యార్థి లోకం తరగతులు విడిచి వీధిలోకి వచ్చింది. నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. ఉద్యమం మొత్తం మీద 32 మంది ప్రాణాలు కోల్పోయారు. శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు పలువురు తమ పదవులకు రాజీనామా చేశారు. చివరకు 1970 ఏప్రిల్ 17న ప్రధాని ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటన చేశారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. అడిగిన నాటికీ అందిన నాటికీ మధ్య 26 సంవత్సరాలు. 1966లో బి.ఎస్సీ. చదువుతూ ఊరేగింపులో నడిచిన కుర్రవాడు కర్మాగారం అంకితమయ్యే వేళకు నలభై దాటిన గృహస్థు. తన ఉద్యోగం కోసం అతడు నడవలేదన్నది స్పష్టమే.

ఇంతవరకు మనం సభల్లో చెప్పుకునే కథ. చెప్పుకోని కథ ఇంకొకటి ఉంది. కర్మాగారానికి, దాని టౌన్‌షిప్పుకు వేల ఎకరాల భూమి కావలసి వచ్చింది. గాజువాక, పెదగంట్యాడ ప్రాంతాల్లో అరవైకి పైగా ఊళ్ళు ఆ భూసేకరణ కిందికి వచ్చాయి. జీడితోటలు, తాటితోపులు, పల్లపు పొలాలు, ఊరి గుళ్ళు, రచ్చబండలు అన్నీ విడిచిపెట్టి జనం నిర్వాసితుల కాలనీలకు చేరారు. ఇంటికొక ఉద్యోగం అన్న ఆశ మీద బయలుదేరిన కుటుంబాల్లో ఆ ఉద్యోగం కోసం ఏళ్ళ తరబడి కార్డు పట్టుకుని తిరిగినవాళ్ళు ఎందరో. ‘ఆంధ్రుల హక్కు’ అన్న నినాదంలో ఆంధ్రులందరూ ఉన్నారు. దాని ఖరీదు చెల్లించే దగ్గరకు వచ్చేసరికి మాత్రం కొన్ని ఊళ్ళ వాళ్ళే మిగిలారు.

ఇది ఉద్యమాన్ని తక్కువ చేయడానికి చెప్పడం లేదు. హక్కు సాధించుకోవడంతో కథ అయిపోదని చెప్పడానికే. ఒక సంఘం మొత్తానికి మేలు జరిగే పనికి కొందరే మూల్యం చెల్లిస్తే, మేలు పొందిన మిగతా వారి మీద ఋణం ఉంటుంది. ఆ ఋణం నష్టపరిహారపు చెక్కుతోనే తీరదు. ఆ కాలనీల బడిపిల్లలకు సాయంత్రం లెక్కలు చెప్పే విద్యార్థి, ఆఫీసుకు వచ్చిన నిర్వాసితుణ్ణి పది సార్లు తిప్పకుండా మొదటిసారే కాగితం చూసి పంపే గుమాస్తా – ఆ ఋణంలో కొంత తీర్చినవాళ్ళే.

2021 జనవరిలో ఉక్కు సంస్థలో ప్రభుత్వ వాటాను నూరు శాతం ఉపసంహరించుకోవడానికి కేంద్ర మంత్రివర్గ సంఘం నిర్ణయించినప్పుడు పాత నినాదం మళ్ళీ వినిపించింది. కార్మికులు కూర్మన్నపాలెం కూడలిలో రిలే దీక్షలు మొదలుపెట్టారు. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల సహాయాన్ని ప్రకటించింది. సొంత ఇనుప గనులు లేకపోవడం, అప్పుల భారం వంటి కష్టాలు కార్మికుడి చేతిలోనివి కావు. అవి విధానాలకు సంబంధించినవి. వాటి కోసం అడగటం హక్కే. కాని షిఫ్టులో దొర్లే ప్రతి గంట, వృథా అయ్యే ప్రతి కిలో బొగ్గు, భద్రత విషయంలో చేసే ప్రతి తనిఖీ మనుషుల చేతుల్లోనివే. అడిగే గొంతుకు పని చేసే చేయి తోడైనప్పుడే ఆ గొంతుకు విలువ.

మూడో పాఠం: తీరంలోని ఇసుక

బీచి రోడ్డు మీద సాయంకాలం షికారు చేసేవాళ్ళలో చాలామందికి కాళ్ళ కింది ఇసుక ఎక్కడి నుంచి వస్తుందో తెలియదు. మన తూర్పు తీరం వెంట అలల తాకిడికి ఇసుక ఎప్పుడూ ప్రయాణం చేస్తూనే ఉంటుంది. నైరుతి ఋతుపవనాల కాలంలో అది ఉత్తర దిశగా సాగుతుంది. ఈశాన్య ఋతుపవనాల కాలంలో కొంత వెనక్కి వస్తుంది. మొత్తం మీద ఏడాది లెక్క చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. 1933లో ఓడరేవు ప్రారంభమయ్యేనాటికే ఇంజనీర్లకు ఈ సమస్య తెలుసు. ఇసుక వచ్చి ఓడల దారిని పూడ్చకుండా డాల్ఫిన్స్ నోస్ దగ్గర పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా వాడారు. తర్వాత 1970లలో బయటి హార్బరు కట్టినప్పుడు పెద్ద పెద్ద రాతి అడ్డుకట్టలు వచ్చాయి.

అడ్డుకట్ట దక్షిణ పక్కన ఇసుక ఆగిపోయింది. ఓడలకు మేలు జరిగింది. కాని ఉత్తరాన ఉన్న మన రామకృష్ణా బీచికి సహజంగా రావలసిన ఇసుక రాలేదు. అలలు ఉన్న ఇసుకను తీసుకుపోతూనే ఉన్నాయి, కొత్త ఇసుక మాత్రం రావడం లేదు. ఫలితం – తీరం కోతకు గురికావడం. అందుచేత అడ్డుకట్ట దగ్గర చేరిన ఇసుకను డ్రెడ్జర్లతో తవ్వి మళ్ళీ బీచికి పోయడం ఓడరేవు వారి నిత్యకృత్యాల్లో ఒకటైంది.

ఈ విషయంలో భౌతిక శాస్త్రంతో పాటు నీతిశాస్త్రం కూడా ఉంది. ఒకచోట మనకు లాభం కోసం దేన్నయినా ఆపితే, దాని నష్టం ఎక్కడో కనబడని చోట ఎవరికో తగులుతుంది. ఓడరేవు కట్టడం తప్పు కాదు. అది లేకపోతే ఈ నగరమే ఇంతగా పెరిగేది కాదు. కాని కట్టినవాడు పక్కవాడికి రావలసిన ఇసుకను ప్రతి ఏడూ లెక్కగట్టి అందించాలి. ఏ ఏడాది అది మానినా అల ఊరుకోదు.

మన దైనందిన జీవితంలోనూ ఇటువంటి అడ్డుకట్టలు ఎన్నో. ఇంటి ముందు గెడ్డ మీద రెండడుగులు ముందుకు జరిపి కట్టిన గోడ, వర్షాకాలంలో కింది వీధివాళ్ళ ఇళ్ళలోకి నీళ్ళు తెస్తుంది. కుళాయికి మోటారు బిగించి లాగిన నీరు చివరి ఇంటి బిందె నుంచి వచ్చిందే. క్యూలో పలుకుబడితో ముందుకు పోయినవాడు, వెనక నిలబడ్డ ముసలమ్మ గంట కాలాన్ని తీసుకుపోయాడు. ఎదురుగా కనబడితే మనం అలా చేయం. కనబడకపోవడమే చిక్కు. కనబడని పొరుగువాణ్ణి కూడా కనబడినవాడిలాగే చూడగలగడం నైతిక విలువల్లో మొదటి మెట్టు.

నాలుగో పాఠం: మోగని సైరన్

ఇక బాధ కలిగించే పాఠం. 2020 మే 7 తెల్లవారుజామున, ఊరంతా నిద్రలో ఉండగా, ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గరి ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారంలోని నిల్వ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడింది. 12 మంది మరణించారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. పశువులు కట్టుకొయ్యల దగ్గరే పడిపోయాయి.

స్టైరీన్ అనే ద్రవాన్ని చల్లగా ఉంచాలి. వేడెక్కితే దాని అణువులు తమంతట తామే ఒకదానితో ఒకటి కలిసిపోవడం మొదలవుతుంది. ఆ చర్యలో ఇంకా వేడి పుడుతుంది. ఆ వేడికి చర్య ఇంకా వేగమవుతుంది. దీనిని ఆపడానికి నిరోధక రసాయనం కలుపుతారు, ద్రవాన్ని ట్యాంకులో తిప్పుతూ చల్లబరుస్తారు, ఉష్ణోగ్రత కొలుస్తూ ఉంటారు. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి సంఘం 2020 జులైలో ఇచ్చిన నివేదికలో ఈ ఏర్పాట్లన్నిటిలోను లోపాలను ఎత్తి చూపింది. మరొక్క సంగతి కూడా చెప్పింది: ప్రమాద హెచ్చరిక సైరన్ ఉంది, దానిని మోగించే వీలు కర్మాగారంలో పలుచోట్ల ఉంది, అయినా ఆ రాత్రి అది మోగలేదు.

1984 డిసెంబరులో భోపాల్‌లో జరిగిన ఘోరం తర్వాత మన దేశంలో చట్టాలు కరువు కాలేదు. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి సవరణ, 1989లో ప్రమాదకర రసాయనాల నిబంధనలు, 1991లో ప్రజా బాధ్యత బీమా చట్టం వచ్చాయి. అత్యవసర పథకాలు రాసుకోవాలని, చుట్టుపక్కల జనానికి తెలియజేయాలని ఆ నిబంధనల్లో ఉంది. కాగితం మీద సైరన్ ఉంది. కాని కాగితానికి చేతులు లేవు. ట్యాంకు ఉష్ణోగ్రత రాసుకోవలసిన మనిషి, ఆ అంకె చూసి అనుమానించవలసిన మనిషి, నిరోధక రసాయనం నిల్వ లేదని పై అధికారికి గట్టిగా చెప్పవలసిన మనిషి, విని డబ్బు మంజూరు చేయవలసిన మనిషి, తనిఖీకి వచ్చి టీ తాగి వెళ్ళిపోకుండా ట్యాంకు దాకా నడవవలసిన మనిషి – ఏ కర్మాగారంలోనైనా ఇటువంటి గొలుసు ఉంటుంది. అందులో ఏ ఒక్క లంకె గట్టిగా నిలబడినా ప్రమాదం అక్కడితో ఆగే అవకాశం ఉంటుంది.

అదే ఉదయం మరొక దృశ్యం కూడా దేశమంతా చూసింది. పోలీసు సిబ్బంది, ఆ చుట్టుపక్కల యువకులు ఆవిరి ఇంకా పూర్తిగా చెదరకముందే ఇళ్ళ తలుపులు తట్టి, స్పృహ తప్పినవారిని భుజాల మీద వేసుకుని బండ్లకెక్కించారు. ఎవరి డ్యూటీ పుస్తకంలోనూ అలా రాసిలేదు. ఒకే రాత్రి, ఒకే చోట, బాధ్యత లేకపోతే ఏమవుతుందో, ఉంటే ఏమవుతుందో రెండూ కనిపించాయి.

మనబోటి వారు నేర్చుకోదగ్గ చిన్న సంగతి ఒకటి ఇక్కడే చెబుతాను. ఇటువంటి ఆవిరి వచ్చినప్పుడు తడిగుడ్డ ముక్కుకు, నోటికి అడ్డం పెట్టుకోవాలి. గాలి వీచే దిక్కుకు అడ్డంగా నడిచి ఆ దారి నుంచి తప్పుకోవాలి. గాలి వెంట పరుగెత్తకూడదు. మనం ఉండే పేటకు దగ్గరలో ఏ పదార్థాలు నిల్వ ఉన్నాయో తెలుసుకోవడం హక్కు; తెలుసుకున్నది వీధిలో పదిమందికి చెప్పడం బాధ్యత.

ఐదో పాఠం: హుద్‌హుద్ తర్వాత

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో విశాఖ దగ్గరే తీరం దాటింది. విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది. కైలాసగిరి బోడిగుట్ట అయింది. మన క్యాంపసులో దశాబ్దాల నాటి చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోను లేదు, కుళాయి నీళ్ళు లేవు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేలాది ప్రాణాలను మింగింది. హుద్‌హుద్‌లో మన రాష్ట్రంలో మరణాలు పదుల్లోనే ఆగాయి. వాతావరణ శాఖ వారి ముందస్తు హెచ్చరిక, జనాన్ని తీరం నుంచి తరలించిన సిబ్బంది కృషి, మాట విని ఇల్లు విడిచి వెళ్ళిన మత్స్యకార కుటుంబాల వివేకం – ఈ మూడూ కలిసి సాధించిన ఫలితమది.

తుపాను తర్వాతి వారం మన విలువలకు అసలైన పరీక్ష. పాల ప్యాకెట్టును, మంచినీళ్ళ డబ్బాను రెట్టింపు, మూడింతల ధరకు అమ్మినవాళ్ళు కొందరు కనిపించారు. అదే వీధుల్లో తమ జనరేటరు మీద ఇరుగుపొరుగు ఇళ్ళకు నీళ్ళు తోడి ఇచ్చినవాళ్ళు, ఇంట్లో ఉన్న బియ్యం వండి అపార్టుమెంటు వాచ్‌మన్ కుటుంబానికీ పెట్టినవాళ్ళు, గొడ్డళ్ళు పట్టుకుని రోడ్డుకు అడ్డం పడ్డ చెట్లు నరికిన విద్యార్థులు కూడా కనిపించారు. అందరికీ తుపాను ఒకటే, కష్టం ఒకటే. తేడా అల్లా ఆ క్షణంలో ఎవరికి వారు తీసుకున్న నిర్ణయంలో ఉంది.

ఒక ఆక్షేపణ

ఇంతవరకు చదివిన మిత్రుడొకడు ఇలా అడగవచ్చు: “మాస్టారూ, అంతా మనిషి నీతి మీదనే వేసేస్తే ప్రభుత్వాలు, కంపెనీలు హాయిగా తప్పించుకోవా? చెత్త వేయకు, నీతిగా ఉండు అని సామాన్యుడికి చెబుతూ కూర్చుంటే పెద్దవాళ్ళ తప్పులు అడిగేదెవరు?”

ఈ ఆక్షేపణ తోసిపుచ్చదగ్గది కాదు. వ్యక్తిగత బాధ్యత అన్న మాటను బలవంతులు బలహీనుల మీద విసిరిన సందర్భాలు లోకంలో చాలానే ఉన్నాయి. కాబట్టి ఒక నియమం పెట్టుకోవాలి. ఎవరి చేతిలో ఎంత అధికారం ఉంటే వారి మీద అంత బాధ్యత. వీధిలో కాగితం ముక్క పడేసిన పిల్లవాడూ, విషవాయువు నిల్వ చేసిన సంస్థా ఒకే త్రాసులో తూగరు. వ్యవస్థ సరిగా లేకపోతే నీతిమంతుడు కూడా అలసిపోతాడు. మంచి వ్యవస్థ ఉన్నా మనిషిలో నీతి లేకపోతే ఆ వ్యవస్థ బోర్డుగా మిగులుతుంది. వెంకటాపురంలో ఏర్పాటు ఉండి కూడా సైరన్ మోగకపోవడం ఇందుకు నిదర్శనం.

అదీగాక, పెద్దవాళ్ళ తప్పులు అడగటం కూడా వ్యక్తిగత బాధ్యతలోని భాగమే. 1966లో కుర్రవాళ్ళు చేసింది అదే. అయితే అడిగేవాడి చేతులు శుభ్రంగా ఉంటే ఆ ప్రశ్నకు పదును ఎక్కువ. లంచం ఇచ్చి లైసెన్సు తెచ్చుకున్నవాడు లంచగొండితనం మీద ఉపన్యసిస్తే వినేవాళ్ళు నవ్వుతారు.

రాజుగారు ఊరివాళ్ళందరినీ రాత్రివేళ తలా ఒక చెంబుడు పాలు గుంటలో పోయమంటే, ‘అందరూ పాలు పోస్తారు గదా, నా ఒక్క చెంబు నీళ్ళు ఎవరికి తెలుస్తాయి’ అని ప్రతివాడూ నీళ్ళే పోసిన కథ మన అమ్మమ్మలు చెప్పిందే. తెల్లారి చూస్తే గుంట నిండా నీళ్ళు. ‘నా ఒక్కడి వల్ల ఏమవుతుంది?’ అన్న ప్రశ్నకు ఆ గుంటే జవాబు.

విద్యార్థిగా మనం ఏం చేయగలం?

పెద్ద మాటలు చెప్పి ఊరుకోవడం కంటె చేయగలిగినవి నాలుగు చెప్పుకుందాం.

మొదటిది చదువులో నిజాయితీ. కాపీ కొట్టి పాసైన ఇంజనీరు కట్టిన వంతెన మీద నడిచేది మనవాళ్ళే. చూసి రాసిన రికార్డుతో బయటపడిన కెమిస్ట్రీ విద్యార్థి రేపు ఏ ట్యాంకు ఉష్ణోగ్రత చూడటానికి నియమితుడవుతాడో ఎవరికి తెలుసు? ల్యాబులో రీడింగు రానప్పుడు రాలేదని రాయడం నేర్చుకున్నవాడే, రేపు ఫ్యాక్టరీలో అంకె తేడాగా ఉంటే ఉందని చెప్పగలడు.

రెండోది హాస్టలు జీవితం. 1997లో మన రాష్ట్రంలో ర్యాగింగును నిషేధిస్తూ చట్టం చేశారు. కాని అర్ధరాత్రి హాస్టలు గదిలో చట్టం కాపలా ఉండదు. ‘వద్దురా, వదిలెయ్’ అనే ఒక్క సీనియర్ ఉంటే చాలు, పల్లె నుంచి వచ్చిన ఒక కుర్రవాడి చదువు నిలబడుతుంది.

మూడోది కట్నం. 1961లోనే వరకట్న నిషేధ చట్టం వచ్చింది. అయినా మన పట్నంలో పర్మనెంటు ఉద్యోగం దొరికిన మరునాడే పెళ్ళికొడుకు ధర పెరగడం అందరూ ఎరిగిందే. ఇక్కడ ప్రభుత్వాన్ని గాని, కంపెనీని గాని తప్పు పట్టడానికి వీల్లేదు. ‘నాకు వద్దు’ అని పెళ్ళికొడుకు ఒక్కడు తండ్రి ముందు నిలబడి చెబితే ఆ ఇంటి వరకు సమస్య ఆ రోజుతో తీరిపోతుంది. వ్యక్తి నిర్ణయానికి ఇంత తక్షణ ఫలితం ఉన్న విషయం మరొకటి లేదు. ఉపన్యాస పోటీల్లో బహుమతులు కొట్టిన మిత్రులు ఈ ఒక్క పరీక్షలో పాసైతే చాలు.

నాలుగోది వీధి. దేశంలోని పరిశుభ్ర నగరాల సర్వేలో విశాఖ 2016లో ఐదో స్థానం, 2017లో మూడో స్థానం పొందింది. 2019లో ఇరవై దాటి కిందికి జారి, 2020లో మళ్ళీ తొమ్మిదికి ఎక్కింది. మంచిపేరు ఒకసారి సంపాదించి బీరువాలో దాచుకునే పతకం కాదని ఈ అంకెలే చెబుతున్నాయి. తడిచెత్త, పొడిచెత్త వేరుచేసి ఇవ్వడానికి ఇంట్లో రెండు నిమిషాలు పట్టదు. అలా చేయకపోతే అదంతా కాపులుప్పాడ యార్డులో గుట్టగా పడి, అక్కడి వాళ్ళ ముక్కులకు, దానిని చేతులతో ఏరే పారిశుధ్య కార్మికుల ఒంటికి భారమవుతుంది. బీచిలో ఇసుక కథ ఇక్కడా వర్తిస్తుంది.

వీటన్నిటికీ సంస్థాగతమైన అండ కూడా మనకు ఉంది. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న జాతీయ సేవా పథకం 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. దానిని సర్టిఫికెట్టు కోసం, అదనపు మార్కుల కోసం వాడుకోవచ్చు. ఒక పేటను నిజంగా తెలుసుకోవడానికీ వాడుకోవచ్చు. 1988లో 61వ సవరణ చేసి ఓటు వయసును 21 నుంచి 18కి తగ్గించారు. డిగ్రీ విద్యార్థికి ఓటు ఉంది. ఆ ఓటుకు నోటు తీసుకోకుండా ఉండే స్వేచ్ఛ కూడా ఉంది.

ముగింపు

అందరూ అందలమెక్కితే మోసేవారెవరు అని సామెత. ఈ నగరాన్ని మోసినవాళ్ళు చాలామందే ఉన్నారు. కొందరి విగ్రహాలు కూడళ్ళలో ఉన్నాయి. మరికొందరి పేర్లు ఎవరికీ తెలియవు. ఊరు విడిచి వెళ్ళిన రైతు, తెల్లవారుజామున తలుపులు తట్టిన కానిస్టేబులు, ఏటా ఇసుకను తవ్వి పోసే డ్రెడ్జరు కార్మికుడు, తుపాను తర్వాత తన నీళ్ళు పంచుకున్న పొరుగింటి ఆవిడ – విశాఖ ఇంతవరకు నిలబడింది ఇటువంటి వారి వల్లనే.

విద్యార్థి మిత్రులారా! ఈ సంచిక మీ చేతికి వచ్చేవేళకు మీలో కొందరు పట్టాలు పుచ్చుకుని బయటకు వెళ్తుంటారు. ఓడరేవులోనో, ఉక్కు ఫ్యాక్టరీలోనో, బ్యాంకులోనో, బడిలోనో, సముద్రం దాటి మరో దేశంలోనో మీకొక కుర్చీ, ఒక సంతకం వస్తాయి. ఆ సంతకం పెట్టే ముందు కాగితం చదవండి. తేడాగా ఉంటే ఉందని చెప్పండి. మీ చేతికి అందే దూరంలో సైరన్ ఉండి, మోగించవలసిన సమయం వస్తే, ఎవరి అనుమతి కోసమూ చూడకుండా మోగించండి. హక్కుల కోసం మన ముందు తరాల వారు ప్రాణాలిచ్చారు. మన దగ్గర ఎవరూ ప్రాణం అడగటం లేదు. ఎవరి పని వారిని సరిగా చేయమంటున్నారు, అంతే.